కిరాణం పలక: టీకా తాత్పర్య సహితం

అవతారిక. మల్లినాథసూరి మనవాడే, మెదక్ జిల్లా కొల్చారం ఆయన. ఆధారం లేనిది రాయనని, అక్కర లేనిది చెప్పనని ముందే ఒట్టు పెట్టుకుని మరీ కాళిదాసుకు టీక రాశాడు. ఆయన అదృష్టానికి కాళిదాసు దొరికాడు. నా వంతుకు 2021 మే నెలలో, పెన్‌పహాడ్‌లో, కిరాణం షట్టరుకు వేలాడే నల్ల పలక దొరికింది. ఆయన పెట్టుకున్న రెండు ఒట్లలో మొదటిది నాకూ చెల్లుతుంది. రెండోది ఎవరూ నా నుంచి ఆశించవద్దు.

కరోనా వల్ల అప్పటికి మార్చి 24 నుంచి తెలంగాణలో బడులన్నీ బంద్. ప్రైవేటు బడి సారు సంగతి తెలిసిందే, బడి నడిస్తేనే జీతం. లెక్కల సారు ట్యూషన్ చెప్పుకుంటాడు, ఇంగ్లీషు సారు ఫోన్లో క్లాసు తీసుకుంటాడు. తెలుగుకు ట్యూషన్ పెట్టించే తల్లి మాత్రం మా మండలంలో ఇంకా పుట్టలేదు. ఏళ్లతరబడి పద్యాలకు ప్రతిపదార్థం చెప్పిన నోరేమో ఊరుకోదు. దుకాణం ముందు లైన్లో నిలబడి చదువుకోవడానికి వేరే గ్రంథమూ లేదు.

మూలం.

మాస్కు లేకుంటే సామాను లేదు
దూరం దూరం నిలబడాలె
దుకాణం పొద్దున 6 నుంచి 10 దాకా
ఉద్దెర బంద్

కర్త, లేఖకులు. కర్త దుకాణం సేటు. దస్తూరి ఇంటర్ చదివే ఆయన బిడ్డది. వ్యాసుడు చెప్పగా వినాయకుడు రాసినట్టు అనబోయాను గాని, వినాయకుడు మధ్యలో 'అట్ల కాదు నాయినా, ఇట్ల' అని దిద్దినట్టు ఎక్కడా వినలేదు. సూర్యాపేట పక్కన పిల్లలమర్రి గుళ్లలో కాకతీయుల కాలపు శాసనాలు రాతి మీద ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. మన శాసనం సుద్దముక్క రాత, భుజం తగిలితే చెరిగిపోతుంది. ఆ చెరగడంలోనే ఈ కావ్యానికి కథ ఉంది కాబట్టి పాఠకులు ఓపిక పట్టాలి.

ఛందస్సు. నాలుగు పాదాలు. గణాలు కుదరవు, ప్రాస లేదు. యతి మాత్రం తప్పదు. మూడో పాదంలో 10 దగ్గర పోలీసు జీపు సైరన్ వేస్తుంది, ఎంతటి కవి అయినా అక్కడ ఆగాల్సిందే.

మొదటి పాదం. మాస్కు = ముక్కునూ నోటినీ మూసేది అని లోకం. మా ఊరి సంప్రదాయంలో గదువను కాపాడేది. లేకుంటే = మరిచిపోయి వస్తే అని కాదు, ఇంట్లో ఉన్న ఒక్కటీ అన్న పెట్టుకుని పోతే అని అన్వయం. అది వాకిట్లో మేకుకు వేలాడేది, గడప దాటే వాళ్ల మొఖానికి ఎక్కేది, వాళ్లు తిరిగి రాగానే మళ్లీ మేకుకే. మాస్కు లేనివాళ్లకు 1000 రూపాయల జరిమానా అని ఆ ఏప్రిల్‌లోనే సర్కారు ఉత్తర్వు వచ్చింది. అందుచేత అది రోగానికి కాదు, రశీదుకు విరుగుడు అని ఒక మతం.

తువ్వాల, దస్తి, చీరకొంగు మాస్కు కిందికి వస్తాయా రావా? సేటు తీర్పు చెప్పాడు: "కొంగు అయితది పెద్దమ్మా. గని మాట్లాడేటప్పుడు తియ్యొద్దు."

"తియ్యకుంటె పావుకిలో కందిపప్పు అన్నది నీకెట్ల ఇనవడ్తది బిడ్డా?" అని పెద్దమ్మ కొంగు తీసే అడిగింది. ఈ పూర్వపక్షానికి నేటివరకు సమాధానం లేదు.

రెండో పాదం. ఒక్క దూరం చాలదా, రెండెందుకు? మొదటిది మనుషులకు, రెండోది చెప్పులకు అని నా వ్యాఖ్య. దుకాణం ముందు సున్నంతో గీసిన గుండ్రాల్లో ఒక్కో జత చెప్పులు ఉండేవి. హవాయి జత ఒకటి, పొలం మట్టి ఎండిన బూటు జత ఒకటి, తెగిన పట్టీకి పిన్నీసు గుచ్చిన స్లిప్పర్లు ఒకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన మీటరు ఎడాన్ని అవి తు.చ. తప్పకుండా పాటించాయి. వాటి యజమానులు ఎదురుగా వేపచెట్టు కింద భుజాలు ఆనించుకుని కూర్చుని, ఎవరింట్లో ఎవరికి దగ్గు వచ్చిందో చెప్పుకుంటున్నారు.

ఈ పాదానికి మూడో అర్థం కూడా ఉంది. చెప్పడానికి ఇష్టం లేదు గాని మూలం చెప్పిస్తున్నది. ఆ నెలలోనే ఇంటింటి జ్వరం సర్వే నడిచింది. ఆశ వర్కరు వచ్చి, జ్వరం ఉన్న ఇంట్లో మందుల కిట్టు ఇచ్చి పోయేది. కవరు చేతిలో పడ్డ గంటలో వాడకట్టంతా తెలిసేది. మరునాటి నుంచి ఆ సందులో నడిచేవాళ్లు పక్క సందు పట్టేవాళ్లు. మా ఇంటికీ ఆ కవరు వచ్చింది. నేను, నా భార్య, జ్వరం, వాసన తెలియని ఉల్లిగడ్డ. కిటికీలోంచి చూస్తే సందు మొత్తం ఖాళీ. సేటు ఒక్కడు మోటరుసైకిల్ మీద వచ్చి, గేటుకు సంచి తగిలించి, దూరం దూరం నిలబడి, ఊరంతా వినేటట్టు కేక వేశాడు: "సారూ! రెండు వందల నలభై అయింది. రాసుకున్న!" రోగం సంగతి ఎట్లాగూ దాగలేదు, బాకీ సంగతి కూడా దాగలేదు. ఆ కేక విన్న పూట మేము ఊళ్లోనే ఉన్నామనిపించింది.

మూడో పాదం, పాఠాంతరాలు. తాళపత్రాలకు కాలం కట్టడానికి పండితులు లిపిని చూస్తారు. ఈ పలకకు సున్న చాలు. మే 12న రాష్ట్రంలో లాక్‌డౌన్ మొదలైనప్పుడు సడలింపు పొద్దున 6 నుంచి 10 దాకా. మే 31 నుంచి దాన్ని మధ్యాహ్నం ఒంటిగంట దాకా పొడిగించారు. సేటు బిడ్డ మళ్లీ రాయలేదు. వేలికి ఉమ్మి తడి చేసుకుని 10లో సున్న తుడిచింది, పాఠం '6 నుంచి 1 దాకా' అయింది. ఇంత పొదుపైన పాఠపరిష్కారం నేను ఏ సంపాదకుడి దగ్గరా చూడలేదు. జూన్ 10న సాయంత్రం 5 దాకా అన్నప్పుడు మాత్రం ఆ ఒకటిని అయిదుగా మార్చబోయి, అది ఆరో అయిదో తెలియని అంకె చేసింది. ఆ విషయం పోలీసులకూ సేటుకూ మధ్య ఉంది, వ్యాఖ్యాతకు సంబంధం లేదు.

దుకాణం అంటే ఇక్కడ కిరాణం ఒక్కటే అని గ్రహించాలి. వడ్లకు లాక్‌డౌన్ లేదు. యాసంగి కోతలు అప్పుడే. ఊరి కల్లాలన్నీ కుప్పలు, రోడ్డు మీద సగం వడ్లే, మొగులు పట్టిందంటే టార్పాలిన్ల కోసం ఉరుకులు. కొనుగోలు కేంద్రంలో కాంటా లెక్క రాయడానికి మనిషి కావాలంటే నేను పోయాను. అలంకారాలు చెప్పిన చేత్తో బస్తాలు రాశాను. ఏ గ్రేడుకు క్వింటాలుకు 1888 రూపాయల మద్దతు ధర, తేమ 17 శాతం దాటకూడదు, దాటితే మళ్లీ ఆరబోయాలి. గోనె సంచులు ఉన్నరోజు హమాలీలు ఉండరు, హమాలీలు ఉన్నరోజు మిర్యాలగూడ మిల్లుల నుంచి లారీ తిరిగి రాదు. ఒక రైతు నా పుస్తకంలోకి తొంగి చూసి, "సారు రాత మంచిగున్నది, తూకమే మంచిగ లేదు" అన్నాడు. బడిలో ఇన్నేళ్లు బోర్డు మీద రాస్తే దస్తూరి బాగుందని ఒక్కరూ అనలేదు. తూకం సంగతి నా పరిధిలో లేదని చెప్పాను. ఆయన నమ్మలేదు, ఆయన స్థానంలో నేనున్నా నమ్మను.

ప్రక్షిప్తం. 2020 ప్రతిలో మొదటి పాదానికి ముందు ఇంకో పాదం ఉండేది: 'పేటకు పోయొచ్చినోళ్లు రావద్దు'. పేట అంటే సూర్యాపేట. ఆ ఏప్రిల్‌లో అక్కడి కూరగాయల మార్కెట్ చుట్టూ కేసులు వరుసగా బయటపడ్డాయి, రాష్ట్రమంతా ఆ పేరు టీవీలో చూసింది. ఊళ్ల పొలిమేరల్లో ముళ్లకంపలు అడ్డం వేసిన రోజులవి. ఇక్కడొక తార్కికుడు లేచాడు. "సేటూ, నీ సామాను యాడికెల్లి వస్తది?" పేట నుంచే. "మరి టమాటకు కరోనా రాదా?" సేటు ఆలోచించి ఆ పాదాన్నే తుడిచేశాడు. రెండో ఏటి ప్రతిలో అది లేదు. ఓడిపోయిన వాదాన్ని వెంటనే గ్రంథంలోంచి తీసేసే గుణం మన పండితుల్లో కూడా ఉంటే ఎన్ని పీఠికలు తేలికయ్యేవో.

నాలుగో పాదం. ఉద్దెర బంద్ = అరువుకు సామాను ఇవ్వబడదు. అర్థం తేలికే, అన్వయమే కష్టం. ఎందుకంటే ఈ పాదం కింద నిలబడే ఊరు ఊరంతా ఉద్దెర తీసుకుపోయింది.

పూర్వపక్షం: నిషేధం ఉండగా ఉద్దెర ఎట్లా ఇచ్చాడు? శాసనం వ్యర్థం కాదా? సిద్ధాంతం: కాదు. మీమాంసకులు వేదవాక్యాల్లో విధి వేరు, నిషేధం వేరు, అర్థవాదం వేరు అన్నారు. అర్థవాదం మెచ్చుకోవడానికో తెగడడానికో పుట్టిన మాట, దానంతట అది ఎవరినీ కట్టడి చెయ్యదు. 'ఉద్దెర బంద్' నిషేధం వేషం వేసుకున్న అర్థవాదం. అడిగేవాడు ఒక్క నిమిషం ఆగి, గొంతు సవరించుకుని, 'సేటూ, చదివిన గని...' అని మొదలుపెట్టాలి. ఆ ఆగడం కోసమే పాదం పుట్టింది.

ఇక్కడే అసలు పాఠాంతరం. లైన్లో ఎవరి భుజమో రాసుకుని 'బంద్' చెరిగిపోయింది. ఒక పూటంతా పలక మీద 'ఉద్దెర' అని మాత్రమే ఉంది, సినిమా పోస్టరు మీద పేరు ఉన్నట్టు. ఆ పూట గిరాకీ పెరిగిందని సేటు అన్నాడు. అయినా ఆ పూటకు మళ్లీ రాయించలేదు. తీరిక లేకనా, కావాలనా అనే దాని మీద రెండు శాఖలు ఉన్నాయి. నేను రెండో శాఖ.

ఖాతా బుక్కు వర్ణన లేకుండా ఈ పాదం తెగదు. ఎర్ర అట్ట, సన్నగా పొడుగ్గా ఉంటుంది, వెన్నుకు సుతిలి తాడు, తాడు కొసకు మూత లేని బాల్‌పెన్ను. లోపల ఎవరి అసలు పేరూ ఉండదు, వృత్తో గుర్తో ఉంటుంది. నా పేజీ 'తెల్గు సారు'. నా ముందు పేజీ 'డీజే'. నా తర్వాత పేజీ 'టెంట్ హౌస్'. పెండ్లికి 40 మంది, చావుకు 20 మంది అని హద్దు పెట్టిన రోజులు కదా, వాళ్లిద్దరికీ పని లేదు. కావ్యశాస్త్ర వినోదం అంటూ మురిసిన నేను ఏ వర్గం వాణ్నో ఆ కుట్టు మధ్యన చూసుకున్నాను. శుభకార్యానికి ఉంటే బాగుండు అనిపించేవాళ్లం, లేకున్నా కార్యం ఆగదు. సేటు పేజీలు వరుస చూసి వేసినవి కావు, అవసరం పడ్డ వరుసలో పడ్డవి. అదే ఇంకా నిజం. ఏప్రిల్ నుంచి సర్కారు ప్రైవేటు టీచర్లకు నెలకు 2000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. అది 'జమ' అని ఎడమ పక్కన ఎక్కేది. డీజే పేజీలో ఎడమ పక్క తెల్లగానే ఉండేది. అతను నా పేజీ వైపు చూసిన చూపుకు టీక రాయను.

ఇంకో పేజీ సంగతి. ఆ పెద్దమనిషి మేలో పోయాడు. కొడుకులు హైదరాబాద్ నుంచి వచ్చి, పదకొండో రోజు అయిపోగానే దుకాణం మెట్టు ఎక్కి, "నాయిన ఖాతా ఎంతుంది సేటూ?" అన్నారు. సేటు వద్దంటాడని చూసేవాళ్లమంతా అనుకున్నాం. అనలేదు. వేలు తడి చేసుకుని పేజీ తీసి, పైసలతో సహా కూడి చెప్పి, తీసుకుని, చిల్లర ఇచ్చి, పేజీ మీద అడ్డంగా ఒక గీత గీశాడు. కొందరు గుసగుసలాడారు. నాకైతే అదే మర్యాద అనిపించింది. బతికున్నన్నాళ్లూ ఒక్కరి బాకీ ఉంచుకోని మనిషికి చచ్చాక దానం చేసే హక్కు సేటుకెక్కడిది?

గద్య. ఇది పెన్‌పహాడ్ వాస్తవ్యుడు, మాస్కు ధరించు గదువ గలవాడు, డీజే టెంట్‌హౌస్ మధ్యస్థుడు, నెలకు ఇరవై ఐదు కిలోల బియ్యం లబ్ధి పొందినవాడు, తూకమునకు బాధ్యుడు కానివాడు అగు తెల్గు సారు విరచితమైన కిరాణం పలక వ్యాఖ్యానంబునందు సర్వము ఏకాశ్వాసము. లాక్‌డౌన్ 2021 జూన్ 20న ఎత్తివేయబడెను, బడులు సెప్టెంబరు 1న తెరువబడెను. వ్యాఖ్యాత బాకీ దసరా జీతంలో సగము తీరెను. మిగిలిన సగమునకు ఎర్ర అట్ట పుస్తకము చూడవలెను.