గుంత ఎంతవరకు వచ్చింది?

మా వీధి చివర యాభై అంతస్తుల భవనం కడుతున్నారు. ప్రస్తుతానికి అది మైనస్ నాలుగో అంతస్తులో ఉంది.

ఈ సంగతి రోడ్డు మీద పోయేవాళ్లకి తెలియదు. వాళ్లకి కనపడేది నీలం రేకుల ప్రహరీ, దాని మీద పెద్ద బొమ్మ. బొమ్మలో భవనం నడుముకి మబ్బులు చుట్టుకుని ఉంటాయి. కింద పచ్చిక మీద ఒక దొరల కుటుంబం కుక్కపిల్లతో ఆడుకుంటూ ఉంటుంది. హైదరాబాదులోని మా కోకాపేట చుట్టుపక్కల అలాంటి కుటుంబాన్ని నేనైతే చూడలేదు. ఇక్కడ కనపడేవి టిప్పర్లు, వాటి వెనక దుమ్ము, ఆ దుమ్ములోంచి హారన్ కొట్టుకుంటూ ఊడిపడే నీళ్ల ట్యాంకర్లు. బొమ్మకి ఒక మూల చీమ తలకాయంత అక్షరాలతో 'ఇది ఊహాచిత్రం మాత్రమే' అని వేశారు. పోనీలే, నిజాయితీపరులే.

నేను చూసేది మా అపార్ట్‌మెంటు డాబా మీద నుంచి. నీళ్ల ట్యాంకు పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుంటే గుంత మొత్తం కనపడుతుంది. ఉద్యోగంలో ఉన్నంతకాలం బ్యాంకులో ఇళ్ల లోన్ల ఫైళ్లు చూశాను. పునాది అయిందా, ఇంత విడుదల. స్లాబు పడిందా, మరికొంత విడుదల. సర్వీసంతా 'పునాది పూర్తయినది' అన్న కాగితాల మీద సంతకాలు పెట్టిన చెయ్యి ఇది. ఆ పూర్తవడం అనేదాన్ని కళ్లారా చూసే తీరిక ఇప్పుడు దొరికింది.

తవ్వినన్నాళ్లూ పొద్దున డాబా దిగి రాగానే మా ఆవిడ కాఫీ చేతికిస్తూ అడిగేది.

"ఎంతవరకొచ్చిందండీ?"

"ఇంకో ఆరడుగులు పోయింది."

"పోయిందా, వచ్చిందా?"

ఈ ప్రశ్నకి నా దగ్గర జవాబు ఉండేది కాదు. పైకి లేవాల్సిన భవనం ఏడాదిపాటు కిందకే పోయింది. ఎంత కిందకి పోతే పని అంత బాగా జరుగుతున్నట్టు లెక్క. మా అబ్బాయి ఇంటర్‌లో ఉన్నప్పుడు తన మార్కుల గురించి కూడా ఇలాగే సర్ది చెప్పేవాడు.

గట్టి నేల దొరికేదాకా తవ్వుతారని చాలామంది అనుకుంటారు. దుబాయ్‌లో అయితే లోతుకి పోక తప్పదు. బుర్జ్ ఖలీఫాకి 2004 జనవరిలో తవ్వకం మొదలుపెట్టి, టవరు కింద పైల్స్ అనే కాంక్రీటు స్తంభాలు 192 దింపారు. ఒక్కొక్కటి మీటరున్నర లావు, 43 మీటర్ల పొడవు. పైన ఇసుక, కింద మెత్తటి రాయి, పాపం వాళ్లు మాత్రం ఏం చేస్తారు? హైదరాబాదులో ఆ బాధ లేదు. ఇక్కడ రాయిని వెతుక్కుంటూ మనం పోనక్కర్లేదు, అదే ఎదురొస్తుంది. రెండు గడ్డపార పోట్లకే గ్రానైటు ఖంగుమంటుంది. అంత గట్టి నేల మీద నిలబడి మరి నాలుగు అంతస్తుల లోతుకి ఎందుకు తవ్వినట్టు?

కార్లకి.

అంతే. బలం కోసం కాదు, భద్రత కోసం కాదు, కార్లు పెట్టుకోవడానికి. ఫ్లాటుకి రెండు కార్లు, పెద్ద ఫ్లాటుకి మూడు. ఆ కార్లన్నీ దాక్కోవడానికి సెల్లార్లు కావాలి. ఈ గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. అది పుట్టేనాటికి భూమ్మీద చెట్టు లేదు, చేప లేదు, రాక్షసబల్లులైతే నిన్నమొన్నటి పిల్లకాయలు. అన్ని కోట్ల ఏళ్లు ఎవరి జోలికీ పోకుండా పడుకున్న రాయిని లేపి, బద్దలు కొట్టి, టిప్పర్లకెత్తి పంపించేశారు. ఆ ఖాళీలో వారానికోసారి గుడికి వెళ్లొచ్చే ఎస్‌యూవీ నిలబడుతుంది.

బద్దలు కొట్టడమంటే మాటలు కాదు. పగలంతా బ్రేకర్ మిషన్లు టకటకటకమని పొడుస్తాయి. వాటికి లొంగని చోట రంధ్రాలు వేసి మందు పెడతారు. ముందు సైరన్ మోగుతుంది, ఎర్ర జెండా లేస్తుంది, ఒకాయన రోడ్డు మీదకి వచ్చి ఈల వేసి స్కూటర్లు ఆపుతాడు. తర్వాత కడుపులో దబ్‌మంటుంది. చప్పుడు చెవికన్నా ముందు మా వంటింటి స్టీలు సామానుకి చేరుతుంది. మా ఆవిడకి ఎంత అనుభవం వచ్చిందంటే, గరిటెలు ఊగిన తీరుని బట్టి "ఇవాళ ఉత్తరం మూల పేల్చారు" అని చెప్పేసేది. నేను డాబా ఎక్కి చూస్తే నిజంగా ఉత్తరం మూలే.

ఇంత కష్టపడి యాభై అంతస్తులు ఎందుకని అడగబోకండి. ఎంత స్థలంలో ఎంత కట్టవచ్చనే పరిమితిని ఇక్కడ 2006లోనే ఎత్తేశారు. ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన ఖాళీ, ఫైరువాళ్లు, విమానాలవాళ్లు ఒప్పుకుంటే పైన ఆకాశం మనదే. ఇక 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం 100 కోట్ల 75 లక్షల దాకా పలికింది. ఆ రేటుకి కొన్నవాడు మధ్యలో పెంకుటిల్లు వేసి చుట్టూ బెండకాయలు పండించుకోడు కదా.

డాబా మీద నుంచి చూస్తే గుంత మొత్తం కనపడుతుంది గానీ వివరం తెలియదు. అందుకని సాయంత్రం గేటు దగ్గరికి పోతాను. అక్కడి వాచ్‌మన్‌ది జగిత్యాల వైపు. వయసులో దుబాయ్‌లో సెంట్రింగ్ పని చేసి వచ్చినవాడు. మొదట్లో నన్ను అనుమానంగా చూశాడు.

"ఏం సార్, రోజూ వస్తున్నరు? ఫ్లాట్ గిట్ల కొంటరా?"

"లేదు బాబూ, ఊరికే చూద్దామని."

"ఏమున్నది సార్ చూసేటందుకు? గుంతనే గద."

"అందులోనే ఉంది మరి చూడ్డానికి."

అతను నన్ను ఎగాదిగా చూసి కుర్చీ జరిపాడు. అప్పటినుంచి మేం మిత్రులం. టవర్ క్రేన్ కాళ్లని అడుగున కాంక్రీటులోనే పాతేస్తారనీ, భవనం లేచేకొద్దీ అది మధ్యలో ఒక్కో ముక్క ఇరికించుకుని తనంతట తానే పొడుగవుతుందనీ నాకు చెప్పింది అతనే. మరి ఆఖర్న దిగేదెలా అని అడిగితే "ఎక్కినట్టే దిగుతది సార్. మనిషే, ఎక్కినంక దిగడు" అన్నాడు. బ్యాంకులో మా జోనల్ మేనేజర్ గుర్తొచ్చి నవ్వుకున్నాను.

పనిలేనివాళ్లు చేసే పని అని మా కోడలు అమెరికా నుంచి ఫోన్‌లో నవ్వుతుంది. ఆ దేశంలోనే 1938లో దీనికొక క్లబ్బు ఉండేదని ఆ పిల్లకి తెలియదు. న్యూయార్కులో రాక్‌ఫెల్లర్ సెంటర్ కట్టేటప్పుడు ఒక పెద్దమనిషి ఆగి తవ్వకం చూస్తుంటే కాపలావాడు "ఇక్కడ నిలబడకూడదు, నడువు" అని గదిమాడట. ఆ పెద్దమనిషి పేరు జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్. కడుతున్నది ఆయన డబ్బుతోనే. ఇంకొకడైతే ఆ కాపలావాణ్ని పనిలోంచి తీసేసేవాడు. ఈయన చూసేవాళ్ల కోసం కంచెకి కంతలు పెట్టించి, పైన నీడ వేయించి, సభ్యత్వం కార్డులు కూడా అచ్చు వేయించాడు. ఇటలీలో బొలోనా ఊళ్లోనైతే చేతులు వెనక్కి కట్టుకుని తవ్వకాలు చూసే ముసలివాళ్లు ఎంత ప్రసిద్ధులంటే, వాళ్ల పేరు మీద ఒక చిన్న కూడలే ఉంది. మా వాచ్‌మన్‌కి ఇవన్నీ చెప్పి, మనం కూడా రేకుకి ఒక కంత పెట్టించుకుంటే ఎలా ఉంటుందన్నాను. "కంతలు శాన ఉన్నయి సార్, మేకులు ఊడిపోయినయి, చూస్కోండ్రి" అన్నాడు.

నా వ్యాపకానికి పోటీదారు ఒకడున్నాడు. మా ఆవిడకి అన్న, తుళ్లూరు దగ్గర ఉంటాడు. అమరావతి సచివాలయం టవర్లు ఆయన గుంత. ఐదు టవర్లు, గీసింది లండన్‌లోని ఫోస్టర్ ప్లస్ పార్ట్‌నర్స్, వాటిలో ఎత్తైనది యాభై అంతస్తుల మనిషి. 2018 డిసెంబరు ఆఖర్న రాఫ్టుకి, అంటే పునాది పీటకి, కాంక్రీటు పోయడం మొదలైన రాత్రి బావ నిద్రపోలేదు, మమ్మల్ని నిద్రపోనివ్వలేదు. అర్ధరాత్రి ఫోన్ చేసి ఆ మిక్సర్ లారీల మోత వినిపించాడు. 2019లో ఎన్నికలయ్యాయి, పనులు ఆగాయి. వానలు మాత్రం ఆగలేదు. నల్లరేగడి నేల, చుట్టూ గట్లు, మధ్యలో గొయ్యి. రాఫ్టు మునిగి చెరువైంది. ఆ అయిదేళ్లూ బావ నాకు ఫోన్ చేసి భవనం ఎంతవరకొచ్చిందో చెప్పడం మానేసి, నీటిమట్టం ఎంతవరకొచ్చిందో చెప్పేవాడు.

2024 ఆగస్టులో మద్రాసు ఐఐటీ వాళ్లు పునాది గట్టిగా ఉందో లేదో చూడటానికి వచ్చారు. పడవెక్కి వెళ్లి చూశారు. ఆ రోజు బావ గొంతులో గర్వం చెప్పనలవి కాదు.

"ఏం బావా, మీ హైదరాబాదులో యాభై అంతస్తులవి ఎన్నో ఉండొచ్చు. పునాది చూడ్డానికి ఇంజనీర్లు పడవలో పోయిన బిల్డింగు ఒక్కటి చూపించు."

నేను ఓడిపోయేవాణ్ని కాదు. "పడవ సంగతి తెలియదు గానీ, అంత పేరున్న గొయ్యి షికాగోలో ఉంది బావా" అన్నాను. ఉంది మరి. అక్కడ కలత్రావా అనే మహాశిల్పి 150 అంతస్తుల మెలికల గోపురం ఒకటి గీశాడు. 2007లో గుండ్రటి గొయ్యి తవ్వారు, 2008లో ఆర్థికమాంద్యం వచ్చింది, గోపురం కాగితం మీదే ఉండిపోయింది. ఊరి నడిబొడ్డున ఏళ్ల తరబడి ఆ గొయ్యి అలాగే నోరు తెరుచుకుని ఉంది. ఆఖరికి అదే స్థలంలో వేరే భవనాన్ని 2024లో మొదలుపెట్టారు.

బావ కాసేపు ఆలోచించాడు. "వాళ్లది గోపురం పోయింది, గొయ్యి మిగిలింది. మాది రాఫ్టు ఉంది. నీళ్లు తోడితే చాలు." అన్నట్టే ఆ ఏడాది ఆఖర్న పెద్ద మోటార్లు పెట్టి తోడటం మొదలుపెట్టారు. 2025 మే 2న ప్రధానమంత్రి వచ్చి పనులు మళ్లీ ప్రారంభించారు. బావ ఇప్పుడు నాతో నీటిమట్టం మాట్లాడటం లేదు. ఇనుము మాట్లాడుతున్నాడు.

తవ్వకం అయ్యాక మా గుంతలో కూడా రాఫ్టు పడిన రాత్రి వచ్చింది. రాఫ్టంటే భవనమంతా కూర్చునే పీట, మనిషి ఎత్తుని మించిన మందం. సిమెంటు, నీళ్లు కలిస్తే వేడి పుడుతుంది. ఇంటి స్లాబులో ఆ వేడి గాలికి పోతుంది. ఇంత మందంలో అయితే లోపల ఉడుకుతూ, పైన చల్లారుతూ బీటలు వారుతుంది. అందుకని కాంక్రీటులో నీళ్లతోపాటు ఐసు కలుపుతారు, లోపల వేడి ఎంతుందో చూడటానికి తీగలు పెడతారు, ఆపకుండా పోస్తారు. అదీ రాత్రిపూట, ఎండా ట్రాఫిక్కూ లేనప్పుడు. బుర్జ్ ఖలీఫాకీ వేసవిలో ఇలాగే రాత్రిళ్లు ఐసు కలిపి పోశారు. 2014 ఫిబ్రవరిలో లాస్ ఏంజిలెస్‌లో విల్షైర్ గ్రాండ్ అనే భవనానికి సుమారు 16 వేల ఘనపు మీటర్ల కాంక్రీటు ఒక్క ఊపులో పోసి గిన్నిస్ రికార్డు కొట్టారు. ముందు యూనివర్సిటీ బ్యాండు వాయిస్తుంటే వెనక మిక్సర్ లారీలు ఊరేగింపుగా వచ్చాయి.

మాకు బ్యాండు లేదు. కానీ లారీ వెనక్కి పోయిన ప్రతిసారీ రివర్స్ హారన్ ఒక పాట పాడింది, ఒక్కో లారీది ఒక్కో పాట. తెల్లవార్లూ మా కాలనీ మొత్తం డాబాల మీదే ఉంది. ఫ్లాస్కులు, దుప్పట్లు, ఒకరిద్దరు పేకముక్కలు కూడా తెచ్చుకున్నారు. ఐసు దిమ్మలు దింపుతుంటే పక్కింటి పెద్దావిడ "మా మనవరాలి పెళ్లిలో కూల్‌డ్రింకులకి ఇందులో సగం దొరకలేదు" అని నిట్టూర్చింది. తెల్లారి చూస్తే గుంత అడుగున బూడిదరంగు చాప పరిచినట్టు ఉంది. వాచ్‌మన్ నన్ను పిలిచి దూరం నుంచి చూపిస్తూ, "చూడుండ్రి సార్, మంచిగ చూడుండ్రి. రేపటికెల్లి దీన్ని కప్పేస్తరు, మల్ల ఎవ్వనికీ కనవడదు" అన్నాడు.

ఇప్పుడు దాని మీద స్తంభాల ఇనుము లేస్తోంది. మధ్యలో లిఫ్టుల కోసం గోడలు, వాటినే కోర్ అంటారు, అన్నిటికన్నా ముందు పెరుగుతాయి. నేలమట్టం దాటాక ఇక ప్రతి అంతస్తూ ముందుదాని నకలే. అది చూడటానికి నేనెందుకు, మెడ నొప్పి తప్ప. అయినా అది లేచాక మాకొచ్చే చిక్కు వేరే ఉంది. మా ఆవిడ నిన్న కాగితం, పెన్ను తెచ్చి ముందు పెట్టింది.

"మీరు లెక్కలవారు కదా. అది మనకి పడమర ఉంది. యాభై అంతస్తులు లేస్తే మన డాబా మీద ఎండ ఎన్నింటికి పోతుంది?"

"మూడున్నర, నాలుగు ప్రాంతంలో."

"అయితే వడియాలు?"

వడియాల సంగతి ఏ ప్లానులోనూ చూపించలేదు.

ఇదంతా ఇలా ఉండగా ఈ ఉదయం ఒక అమ్మాయి ఫోన్ చేసింది. చాలా మర్యాదగా మాట్లాడింది.

"సార్, మీరు మన ప్రాజెక్టు మీద చాలా ఇంట్రెస్ట్ చూపిస్తున్నారని సైటువాళ్లు చెప్పారు. ముప్ఫై నాలుగో ఫ్లోర్‌లో గండిపేట వ్యూ ఉన్నది ఒకటుంది సార్."

"నాకు కింద కావాలమ్మా."

"ఆరో ఫ్లోర్ నుంచి ఉన్నాయి సార్."

"ఇంకా కింద. మైనస్ నాలుగు."

"అది పార్కింగ్ సార్. మీకు కార్లెన్ని?"

"లేదమ్మా. స్కూటరు."

ఆ అమ్మాయి మేనేజర్‌ని అడిగి చెబుతానని పెట్టేసింది. చెప్పదనుకున్నాను. గంటలో మళ్లీ చేసింది.

"సారీ సార్, మైనస్ నాలుగు మొత్తం అయిపోయిందట. మైనస్ మూడు చూస్తారా? వ్యూ అదే ఉంటుంది."