ఓటుకు డిగ్రీ ఉండాలె, సీటుకు అక్కెర్లే

మా అక్క కొడుకు కాకతీయ యూనివర్సిటీలో ఎంఏ పొలిటికల్ సైన్స్ ఆఖరి సంవత్సరం. ఊరు నర్సంపేట దిక్కు. ఆదివారం మటన్ కోసం మా ఇంటికొస్తాడు, చదువు గురించని బయటికి చెప్పుకుంటాం. మొన్న వచ్చినప్పుడు మాత్రం ప్లేటు ముందు కూర్చొని కూడా మొహం ముడుచుకునే ఉన్నాడు.

"ఏందిరా?" అన్నాను.

"మామా, ఇంటర్నల్‌ల శాసనమండలి మీద అడిగిండ్రు. పట్టభద్రుల నియోజకవర్గంల పోటీ చెయ్యాల్నంటే అర్హతలేంది అని. డిగ్రీ ఉండాలె అని రాసిన. సారు ఎర్రపెన్నుతోని కొట్టేసిండు."

"కొట్టేయడా మరి? తప్పే కద."

నిజంగానే తప్పు. 30 ఏళ్లు నిండాలి, రాష్ట్రంలో ఏదో ఒక అసెంబ్లీ నియోజకవర్గంలో ఓటరై ఉండాలి, ఇంకా మామూలు షరతులు ఉంటాయి. డిగ్రీ ఊసు లేదు. మద్రాసు పట్టభద్రుల స్థానంలో పట్టా లేనాయన ఒకరు గెలిస్తే హైకోర్టు ఆ ఎన్నికను కొట్టేసింది. ఆయన ఢిల్లీ దాకా పోయాడు. 1972లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: రాజ్యాంగం పట్టా అడిగింది ఓటర్లను, అభ్యర్థిని కాదు, అందులో లేని షరతును మనం చేర్చలేం. చట్టం ప్రకారం తిరుగులేని తీర్పు. అయినా వింటుంటే, పెళ్లికొచ్చినవాళ్లంతా ఆధార్ కార్డు చూపించాలి, పెళ్లికొడుకును మాత్రం అడగొద్దు అన్నట్టు ఉంటుంది.

మావాడు ముద్ద నోట్లో పెట్టుకోకుండా అట్లనే చూస్తున్నాడు. వాడి కడుపుమంట నాకు అర్థమైంది. ఎంఏ సీటు కోసం వాడు పడ్డ తిప్పలు నేను దగ్గరుండి చూసినవాణ్ని. ముందు డిగ్రీ, అందులో 40 శాతం మార్కులు. తర్వాత పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్, 90 నిమిషాల్లో 100 ప్రశ్నలు. ర్యాంకొచ్చాక వెబ్ ఆప్షన్లు. ఆ తర్వాత మెమోలు, టీసీ, కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్. ఆదాయం సర్టిఫికెట్ కోసం మీసేవ చుట్టూ తిరిగిన ఆటో ఖర్చు కలిపితే ఆ నెల వీడికి ఆదాయమే లేదని సర్టిఫికెట్ లేకుండానే రుజువయ్యేది. సీటొచ్చాక నాలుగు సెమిస్టర్లు, 75 శాతం హాజరు. రాజకీయాల గురించి చదువుకునే పిల్లగాడికి ఇన్ని కట్టుబాట్లు. రాజకీయాలు చేసేవాడికి ఏముంది? ఓటరు జాబితాలో పేరు, నిండిన వయసు, డిపాజిట్టు.

డిపాజిట్టు అంటే పరీక్ష ఫీజే. అసెంబ్లీకి 10 వేలు, ఎస్సీ, ఎస్టీలకు అందులో సగం. పాస్ మార్కు ఎంతనుకున్నారు? చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటితే ఫీజు వాపసు. అంటే నూటికి 17 తెచ్చుకున్నా సర్కారు పైసలు చేతికిచ్చి పంపుతుంది. మావాడు 39 తెచ్చుకున్నప్పుడు ఎవరూ ఏమీ వాపసియ్యలేదు. పైగా సప్లిమెంటరీ ఫీజు కట్టించుకున్నారు.

మండలి ఎన్నికల్లో మూల్యాంకనం ఇంకా దయగలది. చెల్లిన ఓట్లలో సగం కన్నా ఒక్కటి ఎక్కువ రావాలి. ఎవరికీ రాకపోతే, అందరికన్నా కింద ఉన్నాయన్ని పక్కన పెట్టి, ఆయన ఓట్లలో రెండో ప్రాధాన్యం ఎవరికుంటే వాళ్లకు కలుపుతారు. మళ్లీ చూస్తారు. మళ్లీ కిందివాణ్ని తీసేస్తారు. మన వరంగల్-ఖమ్మం-నల్గొండ పట్టభద్రుల స్థానంలో 2024 ఉప ఎన్నికకు 52 మంది నిలబడ్డారు. నల్గొండలో రోజుల తరబడి లెక్కించినా మొదటి ప్రాధాన్యంతో ఎవరూ గట్టెక్కలేదు, ఈ కలిపే లెక్కతోనే తేలింది. ఇదంతా విని మావాడు చెయ్యి కడుక్కొని వచ్చి అడిగాడు: "మామా, వెనక బెంచీ ఫెయిలైనోళ్ల మార్కులు నాకు కలుపరా?"

ఇక ఓటరు సంగతి. పట్టభద్రుల ఓటు కావాలంటే ఫారం 18 నింపాలి, డిగ్రీ సర్టిఫికెట్ నకలు జతచేయాలి, దానిమీద గెజిటెడ్ సంతకం. పోయినసారి జాబితాలో పేరుంది కదా అంటే కుదరదు, ప్రతి ఎన్నికకూ కొత్త జాబితా. అంటే ప్రతి ఆరేళ్లకోసారి నేను డిగ్రీ చదివానని మళ్లీ రుజువు చేసుకోవాలి. నయీంనగర్ జిరాక్స్ షాపు దగ్గర ఆ రోజుల్లో చూడాలి మా వయసువాళ్ల వరుస. లామినేషన్ చేసిన పట్టా కాపీ మెషీన్ అద్దం మీద తళతళ మెరిసి, కాగితం మీద మధ్యలో తెల్లని మచ్చ పడుతుంది. సరిగ్గా పేరున్నచోటే. షాపాయన దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, "అంకుల్, మీ పేరు తప్ప అన్నీ వచ్చినయ్" అన్నాడు నాతో.

అంత కష్టపడి ఓటు సంపాదించినవాళ్లం ఏం చేశాం? 2021లో ఇదే స్థానానికి 71 మంది పోటీ. బ్యాలెట్టు పేపరు మా ఇంటికొచ్చే దినపత్రికంత. దానికి తగ్గట్టు డబ్బాలు కూడా జంబో. కంపార్టుమెంటులో దాన్ని పరిస్తే అంచులు రెండు వైపులా కిందికి వేలాడాయి. నాకు కావలసిన పేరు వెతికే సరికి వెనక వరుసలో దగ్గులు మొదలయ్యాయి. అక్కడిచ్చిన ఊదారంగు స్కెచ్ పెన్నుతోనే రాయాలి. అంకె వేయాలి. టిక్కు కొడితే చెల్లదు, సంతకం చేస్తే చెల్లదు, ఇద్దరికి 1 వేస్తే చెల్లదు. నేను 1 అయితే వేశాను గానీ మడతపెట్టడం రాక దుప్పటి చుట్టినట్టు చుట్టి డబ్బాలో తోశాను. తడి ఆరని సిరా ఎవరి పేరు మీద అచ్చయిందో నాకు ఇప్పటికీ అనుమానమే.

ఆసారి 21 వేలకు పైగా ఓట్లు చెల్లలేదు. 2024లో దాదాపు 3 లక్షల 36 వేల మంది ఓటేస్తే 25 వేలకు పైగా చెల్లలేదు. నూటికి ఏడుగురికి పైనే. వీళ్లంతా పట్టా జిరాక్సు జతచేసి వచ్చినవాళ్లు. ఒక అంకె వేసే పరీక్షలో ఇంతమంది తప్పారంటే పట్టాకూ ఓటుకూ పొంతన ఎంతో తేలిపోయింది. ఊళ్లో మా అమ్మమ్మ బతికినన్నాళ్లు వేలిముద్రే వేసింది. ఒక్క ఓటూ చెల్లకుండా పోలేదు.

అందుకే నాయకులకు డిగ్రీ పెట్టాలని గోల చేసే మిత్రులతో నేను కలవను. బాబూ రాజేంద్రప్రసాద్ అంతటివాడు 1949 నవంబర్ 26న, రాజ్యాంగాన్ని ఆమోదించే రోజునే, చట్టాలు అమలు చేసేవాళ్లకు పెద్ద చదువులు అడుగుతూ చట్టాలు చేసేవాళ్లకు ఏ అర్హతా పెట్టలేకపోయామని బాధపడ్డాడు. ఆ బాధ తీర్చే భారం 2015లో హర్యానా నెత్తినేసుకుంది. సర్పంచ్‌గిరీకి మామూలుగా పది, ఆడవాళ్లూ దళితులూ అయితే ఎనిమిది పాసవ్వాలని చట్టం చేసింది. వార్డు సభ్యత్వానికి నిలబడే దళిత మహిళలకు ఇంకొంత సడలింపు. ఆ ఏడాది డిసెంబర్‌లో సుప్రీంకోర్టు సరేనంది. బడికి పంపని ఆడపిల్లను పెద్దయ్యాక బడికి పోలేదెందుకని శిక్షించడం అది. అంతకన్నా ముచ్చటేమిటంటే, ఆ చట్టం చేసిన ఎమ్మెల్యేలకు ఏ తరగతీ అక్కర్లేదు. పరీక్ష పెట్టే చెయ్యి ఎప్పుడూ పైనే ఉంటుంది, రాసే చెయ్యి కిందే. అంతకుముందే అదే దారి పట్టిన రాజస్థాన్ 2019లో వెనక్కి తగ్గింది. తెలివైన పని.

డిగ్రీ అడగొద్దు, సరే. కనీసం మా పిల్లలకు పెట్టిన రూల్సయినా పెట్టరాదా? హాజరే తీసుకోండి. 75 శాతం తగ్గితే మావాడికి హాల్‌టికెట్ రాదు. శాసనసభ్యుడు అనుమతి లేకుండా 60 రోజులు సభకు రాకపోతే సీటు ఖాళీ అయిందని సభ ప్రకటించొచ్చని 190వ అధికరణం చెబుతుంది. ఇక్కడొక కిటుకుంది. సభ వరుసగా నాలుగు రోజులకు మించి వాయిదా పడితే ఆ రోజులు లెక్కలోకి రావు. మన సభ ఏడాది మొత్తం మీద కూర్చునే రోజులు చూస్తే, 60 రోజులు ఎగ్గొట్టాలన్నా అన్ని రోజులు సభ ఎక్కడిది? మావాడి డిపార్టుమెంటు కూడా సెమిస్టర్‌కు వారం రోజులే తెరిస్తే వీడికీ నూటికి నూరు హాజరే.

టీసీ సంగతి ఇంకా పెద్దది. ఒక యూనివర్సిటీ నుంచి ఇంకో యూనివర్సిటీకి పోవాలంటే టీసీ, మైగ్రేషన్, నో డ్యూస్. లైబ్రరీలో ఒక పుస్తకం బాకీ ఉందని ఆగిపోయిన పిల్లలున్నారు. ఒక గుర్తు మీద గెలిచి ఇంకో కండువా కప్పుకున్నాయనను టీసీ ఎవరు అడిగారు? 1985లో పార్టీ ఫిరాయింపుల మీద పదో షెడ్యూలు తెచ్చారు, నిర్ణయం స్పీకర్ చేతిలో పెట్టారు. మన రాష్ట్రంలో పది మంది ఎమ్మెల్యేల మీద ఫిర్యాదులు నానుతూ ఉంటే 2025 జులై 31న సుప్రీంకోర్టు మూడు నెలల్లో తేల్చండని గడువు పెట్టాల్సి వచ్చింది. ఇదివరకు ఆ కండువావాళ్లు చేసిందీ ఇదే, ఇప్పుడు ఈ కండువావాళ్లు చేసిందీ ఇదే. ఈ ఒక్క సబ్జెక్టులో అన్ని పార్టీలదీ డిస్టింక్షనే.

సిలబస్ పాతబడిందని మావాడి ఇంకో ఫిర్యాదు. ప్లేటో పాఠం మీద ఎక్కువ మంట. ఏలేవాడు ఇరవై నుంచి ముప్పై దాకా గణితం నేర్వాలి, ఐదేళ్లు తర్కం, ఆపైన పదిహేనేళ్లు కొలువు చేసి అనుభవం తెచ్చుకోవాలి, యాభైలో గద్దెనెక్కాలి అంటాడు ఆ మహానుభావుడు. మన దగ్గర దానికి కొంచెం మార్పుతో అమలుంది. ఇరవై నుంచి ముప్పై దాకా పిల్లలు గ్రూప్-1, గ్రూప్-2 గణితం నేరుస్తారు, తర్వాత ఐదేళ్లు కోర్టుల్లో తర్కం. యాభైలో గద్దె మాత్రం ఇంకెవరికో.

వరంగల్‌కు మాత్రం ఈ సబ్జెక్టు కొత్త కాదు. కాకతి రుద్రదేవుడు సంస్కృతంలో నీతిసారం రాశాడంటారు. అంటే ఏలినవాడే పాఠ్యపుస్తకం రాశాడు. లక్నేపల్లిలో పుట్టి ప్రధాని అయిన పీవీ కూడా పుస్తకం రాశారు. అయితే 'ఇన్‌సైడర్' నవల 1998లో వచ్చింది, కుర్చీ దిగిన రెండేళ్లకు. కుర్చీలో ఉండగా రాసేవి వేరే ఉంటాయి.

పళ్లెం తీసేశాక మావాడు ఫోనులో లెక్క చూసుకున్నాడు. ఈ పట్టభద్రుల స్థానం గడువు 2027 మార్చి ఆఖరుకు ముగుస్తుంది. అంతకుముందు నవంబర్ 1 అర్హత తేదీ అనుకుంటే, ఆనాటికి డిగ్రీ పాసై మూడేళ్లు నిండాలి. వీడు డిగ్రీ పాసయింది 2024లో. శాసనమండలి మీద పదిహేను మార్కుల జవాబు రాయగలడు, ఎంఏ పట్టా కూడా అప్పటికి చేతికొస్తుంది, పట్టభద్రుల ఓటు మాత్రం రాదు. నిలబడదామంటే ముప్పై నిండలేదు.

"మరి నేనేం చెయ్యాలె మామా?"

"నాతోని జిరాక్స్ షాపుకు రా," అన్నాను.

మీరు 2023 నవంబర్‌కు ముందే డిగ్రీ పాసై ఉంటే, పాత జాబితాలో పేరుందని ధీమాగా ఉండకండి. ఆ జాబితా పనికిరాదు. పట్టాను లామినేషన్‌లోంచి బయటికి తీయడం ఇప్పుడే మొదలుపెట్టండి, అది అంత తేలిగ్గా ఊడదు.