తీసేసినందుకు రేటెక్కువ

ఇప్పుడు ఎటు చూసినా పోర్షే పండితులే. మొన్నటిదాకా కోకాపేటలో గజం ఎంతని మాట్లాడినవాళ్లు ఇవాళ 911లో 993 మోడల్‌కీ 996 మోడల్‌కీ తేడా చెబుతున్నారు. ఎర్రమంజిల్ మెట్రో దగ్గర ప్రశాంతంగా చాయ్ తాగుదామంటే పక్క టేబుల్ మీద అదే పంచాయితీ. "అన్నా, మోడర్న్ క్లాసిక్ అంటే 911 ఒక్కటే. కాకపోతే ఫస్ట్ ఏది తీసుకోవాలి? కరేరానా, టర్బోనా, జీటీ3నా?" అడిగే కుర్రాడు పల్సర్ మీద వచ్చాడు. అన్నకి మాత్రం నిజంగానే కొనే స్తోమత ఉన్నట్టుంది, కొత్త కరేరాకే రెండు కోట్లు అవుతుందని నవ్వుతూ చెప్పాడు.

1963లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో జనానికి చూపించిన కారు ఈ 911. గాలితో చల్లబడే ఇంజిన్ 1998లో 993తోపాటే పోయింది. అసలు 911 అంటే అదేనట, తర్వాతవన్నీ కల్తీయట. మన దేశంలోకి పాత కారు తెచ్చుకోవాలంటే మామూలుగా తయారై మూడేళ్లు దాటకూడదని రూలు. అంటే ఈ పండితుల్లో చాలామంది 993ని చూసింది ఫోన్‌లోనే. అయినా నీళ్లతో చల్లబడే 996 పేరెత్తితే మూతి మూడు వంకర్లు తిప్పుతారు. మే నెల మధ్యాహ్నం ఏ కారైనా సరే, పంజాగుట్ట సిగ్నల్లో నిలబెట్టండి. గాలి గొప్పదో నీళ్లు గొప్పవో అక్కడ తేలుతుంది.

నాకు ఒళ్లు మండేది మాత్రం జీటీ3 ఆర్ఎస్ దగ్గర. వెనక సీట్లు ఉండవు. లోపల తలుపు తీయడానికి హ్యాండిల్ బదులు గుడ్డ పట్టీ ఉంటుంది. గాజు పల్చన, చప్పుడు ఆపే మెత్తలు తక్కువ. బరువు తగ్గిందంటారు, బిల్లు మాత్రం పెరుగుతుంది. కరేరా టీ అని ఇంకోటుంది, అందులోనూ ఇదే వరస.

ఈ లెక్కన అమీర్‌పేట షేర్ ఆటో ఎంత పలకాలి? దానికి తలుపులే లేవు. సౌండ్ ప్రూఫింగ్ ఎవడూ పెట్టలేదు, ఎవడూ పీకలేదు. పాపం ఆ డ్రైవర్ పది రూపాయలకే ఎక్కించుకుంటున్నాడు.

ఆ గుడ్డ పట్టీ ఏ రంగులో ఉండాలన్నది మళ్లీ పెద్ద చర్చ. ఇంకా బరువు తగ్గాలంటే వైసాక్ ప్యాకేజీ అని మరికొన్ని లక్షలు పోయాలి. కార్బన్ ఫైబర్‌తో కొన్ని కిలోలు పోతాయి. ఆ స్టీరింగ్ వెనక కూర్చునే బొజ్జ సంగతి ఎవరూ ఎత్తరు. కేబీఆర్ పార్కులో నెల రోజులు నడిస్తే ఆ కిలోలు ఇంచుమించు ఫ్రీగా పోతాయి కదా!

ముందు భాగాన్ని దాదాపు 40 మిల్లీమీటర్లు పైకెత్తే ఆప్షన్ కూడా ఉంది, ఎక్కడ ఎత్తాలో జీపీఎస్‌లో గుర్తుపెట్టుకుంటుందట. సోమాజిగూడ నుంచి అమీర్‌పేట దాకా ఎత్తే ఉంచాలి.

ఇంతవరకూ నవ్వుకున్నాను. కానీ ఆదివారం పూర్తిగా తెల్లారకముందే ఇలాంటి బళ్లు వరసగా ఎగ్జాస్ట్ పటపటలాడించుకుంటూ పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కుతాయి. పక్కనే నిమ్స్ ఆసుపత్రి. గోడవారగా ఫుట్‌పాత్ మీద దుప్పటి పరుచుకుని పడుకున్నవాళ్లు నల్గొండ నుంచో ఆదిలాబాద్ నుంచో తమవాళ్లను తెచ్చి లోపల చేర్చినవాళ్లు. తలకింద ఎక్స్‌రే కవరు, పక్కన చెప్పులు. రాత్రంతా జాగారం చేసి అప్పుడే ఒక కునుకు తీస్తారు. ఆ మోతకి ఉలిక్కిపడి లేచి లోపల ఏమైందోనని గేటు వైపు చూస్తారు. అడిగితే అది ఫ్లాట్ సిక్స్ ఇంజిన్ సంగీతమట. సంగీతమైతే మీ బెడ్రూములో పెట్టుకుని మీ పిల్లల్ని లేపుకోండి. ఇది అభిరుచి కాదు, ఒట్టి బలుపు.

బరువు తగ్గించడంలో ఘనులు ఇంకో రకం ఉన్నారు. విదేశీ కార్ల ధర తక్కువ చూపించి కస్టమ్స్ సుంకం ఎగ్గొట్టాడన్న ఆరోపణ మీద 2025 మేలో హైదరాబాద్ డీలర్ ఒకాయన్ని రెవెన్యూ ఇంటెలిజెన్స్ సంస్థ డీఆర్ఐ అరెస్టు చేసింది. సీట్లు పీకిన కారుకు ఎక్కువ కట్టడానికి రెడీగా ఉండే ఊళ్లో సర్కారుకు కట్టాల్సింది మాత్రం ఎప్పుడూ భారమే.

అయినా ఆదివారం తప్ప పెద్దగా తిరగని ఇలాంటి షోకు కార్లు ఈ ఊరికి కొత్త కాదు. ఆరో నిజాం ఆర్డరిచ్చిన 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది, మొత్తం ఆరు వందల కిలోమీటర్లు కూడా తిరగలేదంటారు. ఆయన కనీసం వెనక సింహాసనం వేయించుకున్నాడు, డబ్బిచ్చి సీట్లు పీకించుకోలేదు.