వంశవృక్షమెక్కిన పుంజు

చిలుకముక్కు అసీలు పుంజులకు వంశపత్రికలు వ్రాయింతురన్న ప్రకటన వెలువడిన నాటినుండి మా బావమరిదికి కాళ్లు నేలమీద ఆనుట లేదు. ఒక పాడిగేదె వెల పోసి తెచ్చిన తన పక్షిరాజమును, ఇంట పెండ్లిసందడి యున్నదను మిషమీద పదిదినములు నా పెరటిలో విడిది చేయించి, ప్రతి సాయంకాలమును వచ్చి దానియెదుట చేతులు కట్టుకొని నిలిచి, "బావగారూ, ఇది మనుష్యుని చేయి సోకని జాతి, బ్రహ్మదేవుడు ఎట్లు దిద్దినాడో అట్లే యున్నది" అని యతడు పలుకుచుండగా వినుట నా ప్రారబ్ధమైనది.

బ్రహ్మదేవుడు దిద్దిన కోడిని చూడదలచినవారు గోదావరికి ఉత్తరమున నున్న మన్యపు టడవులకు పోవలెను. అచ్చటి ఎర్ర అడవికోడి బక్కపలుచనిది; కిలో తూగుట గగనము; ఏడాదికి పది పదునైదు గ్రుడ్లకు మించి పెట్టదు; మనిషి అలికిడి యైనచో పొదలలో మాయమగును. పెంపుడుకోళ్లన్నియు ఈ పక్షి సంతతియే యని డార్విను పండితుడు 1868లో వెలువరించిన గ్రంథమున వాదించినాడు. అంతటి పిరికి పక్షి మానవుని ముంగిట నూకలకు మరిగి, గంపక్రింద కూర్చుండ నేర్చి, అతని పిచ్చియెల్ల తన యొడలిమీద మోయవలసిన దయ్యెను.

ఆ పిచ్చికి శిఖరము ఈ ముక్కు. చిలుకకు ముక్కు వంకర తిరిగినది కాయల నొలుచుకొనుటకు. మా యింటి యతిథి యొలువవలసిన కాయ యీ భూప్రపంచమున నేదియు లేదు. కోడిముక్కు నేలమీది గింజ నేరుకొనుట కేర్పడిన పనిముట్టు. దానిని కురుచచేసి, మెడవైపునకు వంచి, వంపెంత యధికమైన వెల యంత యధికమని నిర్ణయించిన రసికులకు, ఆ పక్షి తిండి తినవలెనన్న సంగతి జ్ఞప్తికి వచ్చినట్లు తోచదు. నేను చల్లిన జొన్నగింజను అది మూడుమారులు పొడిచెను. మూడుమారులును గింజ ప్రక్కకు జారెను. నాలుగవమారు పొరుగింటి పేరులేని పెట్ట వచ్చి, వంశపత్రిక యేదియు చూపకయే దానిని మ్రింగి పోయెను.

ముక్కు చాలదని తోక గూడ. అసీలు పుంజునకు మన పెద్దలు తరతరములుగా ఏరి కూర్చిన రూపము వేరు: నిటారైన నిలువు, బలిసిన మెడ, ఎదిరికి పట్టు చిక్కకుండ నెత్తి కంటుకొన్న చిన్నజుట్టు. ఆ కూర్పు నెత్తుటి పందెము కొరకే. దానిని నేను మెచ్చను. కాని దాని కొక ప్రయోజనమైన నుండెను. ఆ యోధుని ముక్కు కరవకుండ వంచి, తోక నేల నీడ్చునట్లు పెంచి, పెండ్లికూతురువలె ముస్తాబు చేసి, ఇదియే అసలు జాతి యనుచున్నారు. ముక్కు కొలుచుట కొకరు, తోక కొలుచుట కొకరు, ఆ కొలతలు వ్రాయుట కొకరు! అసీలన్నను అసలన్నను అరబ్బీలో ధాతు వొక్కటే గదా. ఆ ధాతువు సిగ్గుపడవలెను.

"పసుపు కాళ్లు చూడుడు బావగారూ, రక్తశుద్ధికి అదియే గురుతు" అన్నాడు మా వాడు. ఎర్ర అడవికోడికి పసుపు కాళ్లుండవు. ఆ పసుపునకు కారణమైన జన్యువు దక్షిణాపథమున తిరుగు బూడిదవన్నె అడవికోడినుండి, అనగా వేరొక జాతినుండి, సంకరమువలన వచ్చినదని 2008లో శాస్త్రజ్ఞులు తేల్చిరి. శుద్ధికి సాక్ష్యముగ తెచ్చిన కాళ్లే సంకరమునకు సాక్ష్యము చెప్పుచున్నవి! ఈ మాట చెప్పినందుకు అతడు మా యింట కాఫీ ముట్టుట మానినాడు.

ఈ పిచ్చి అసీలుతో ఆగలేదు. ఝాబువా నల్లకోడికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన పిదప దాని మాంసము ధన్వంతరి యమృతమునకు సవతితమ్ముడైనది. నెత్తిమీది ఈకల గుత్తిచే ముందున్నది కానలేని పోలిషు కోడి వేరొక శోభ. ఈ వెఱ్ఱి మనకే ప్రత్యేకము కాదు. విక్టోరియా రాణి కొలువునకు తూర్పుదేశపు కోళ్లు చేరిన తరువాత ఇంగ్లండు సైతము కోడిజ్వరముతో మంచ మెక్కినది.

జపానువారి పొట్టికాళ్ల చాబోకోడి దగ్గర మాత్రము నాకు నవ్వు రాదు. ఆ పొట్టితన మిచ్చు జన్యువు తల్లినుండియు తండ్రినుండియు సంక్రమించిన పిల్ల గ్రుడ్డులోనే చచ్చును. అట్టి జంటకు లెక్క ప్రకారము పిల్లలలో నాల్గవవంతు ముద్దుకాళ్ల కొరకు చెల్లించు పన్ను. మాంసపుకోడి గతి మరియు ఘోరము. కెనడాలో ఆల్బర్టా విశ్వవిద్యాలయమువారు 1957 నాటి జాతిని, 2005 నాటి జాతిని ఒకే తిండితో పెంచి చూడగా, ఏబదియారు దినములకు మొదటిది 905 గ్రాములు, రెండవది 4202 గ్రాములు తూగినవి. ఆ బరువు మోయలేక కాళ్లు వంకరపోవును. వీని తల్లిదండ్రులకు ఆకలి తీర మేతపెట్టినచో బలిసి చచ్చునని, గ్రుడ్ల కొరకు వానిని బ్రతికినన్నాళ్లును అర్ధాకలితో మాడ్చుచున్నారు. ఇది బ్రహ్మదేవుడు చేసినాడా? ముక్కు వంచినది మనము, కాళ్లు విరిచినది మనము, ఆకలి పెంచి అన్నము దాచినది మనము. చేసినంతయు చేసి, మనుష్యుని చేయి సోకలేదని చెప్పుట కొక పత్రిక, ఆ పత్రిక కొక రుసుము! చేసిన పనిని ఒప్పుకొను పాటి నిజాయతీ కోళ్ల దొంగలయందైన నుండును.

నిన్న మా బావమరిది కోపము చల్లారి కొత్త యాదేశముతో వచ్చినాడు. పక్షిరాజము చిక్కినది గనుక ప్రొద్దుట రెండు, రాత్రి రెండు, గ్రుడ్లుడికించి, బాదముపొడి కలిపి, ముద్దలు చేసి నోట పెట్టవలెనట. సంచిలో ముప్పదింటి అట్ట తెచ్చినాడు. అన్నియు ఫారము గ్రుడ్లు.