హార్డ్ డిస్కు అజ్ఞాతవాసం

మా చుట్టాల్లో ఎవరింట్లో కంప్యూటర్‌కు జబ్బు చేసినా కబురు నాకే వస్తుంది. నేను చదివింది బీకాం అని మొత్తుకున్నా వినేవాళ్లు లేరు. ఎప్పుడో ఎవరికో మొరాయించిన ప్రింటర్‌ను బాగుచేసి పెట్టిన పాపానికి దక్కిన హోదా ఇది. వైరస్‌లూ, నీలిరంగు తెరలూ, 'నేనేం నొక్కలేదు' అనే వాంగ్మూలాలూ నాకు అలవాటైపోయాయి. నన్ను ఇప్పటికీ తలపట్టుకునేలా చేసే జబ్బు మాత్రం ఒకటుంది. ఉన్న మెషీన్‌లో రెండో ఆపరేటింగ్ సిస్టమ్ పెడదామని కూర్చుంటే, ఆ రెండోది తెరమీదికొచ్చి 'ఇందులో హార్డ్ డిస్కే లేదు' పొమ్మంటుంది.

అప్పటిదాకా మొదటి సిస్టమ్ నడిచింది ఆ డిస్కు మీదే. పెళ్లి వీడియోలూ, ఆధార్ స్కాన్‌లూ, డౌన్‌లోడ్ చేసి చూడని సినిమాలూ అన్నీ దాన్లోనే ఉన్నాయి. అయినా లేదట! పింఛనుదారు స్వయంగా వచ్చి కౌంటర్ ముందు నిలబడ్డా, బతికున్నట్టు సర్టిఫికెట్ ఏదీ అంటారు చూడండి, ఇన్‌స్టాలర్‌దీ అదే న్యాయం. మనిషి ఉంటే చాలదు, కాగితం కావాలి. ఇక్కడ ఆ కాగితం పేరు డ్రైవర్.

ఈ న్యాయం ఇవాళ్టిది కాదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీకి వెడల్పాటి రిబ్బన్ కేబుల్ ఉండే ఐడీఈ డిస్కులు బాగా తెలుసు. తర్వాత సాటా డిస్కులొచ్చాయి. బయాస్ సెట్టింగుల్లో డిస్కు మోడ్ ఏహెచ్‌సీఐ అని ఉంటే చాలు, ఎక్స్‌పీ సీడీ వాటి మొహం చూసేది కాదు. ఇన్‌స్టాలేషన్ మొదట్లో తెర అడుగున 'వేరే డ్రైవర్ ఉంటే ఎఫ్6 నొక్కండి' అని ఒక లైను మెరిసి మాయమయ్యేది. సరిగ్గా అప్పుడే టీ కోసం వంటింటి వైపు తల తిప్పామా, కథ మళ్లీ మొదటికి. తీరా నొక్కితే, డ్రైవర్‌ను ఫ్లాపీలో పెట్టి తెమ్మనేది. అప్పటికి కొత్త మెషీన్లకు ఫ్లాపీ డ్రైవ్ పెట్టడమే మానేశారు. యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ దొరుకుతుందేమోనని సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ షాపుల్లో గడపగడపా తొక్కుతుంటే, ఒక షాపు కుర్రాడు "అంకుల్, సాలార్‌జంగ్ మ్యూజియంలో అడిగి చూడండి" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. చివరికి బయాస్‌లో ఏహెచ్‌సీఐ తీసి ఐడీఈ అని పెడితే, అదే డిస్కు పాత వేషంలో దర్శనమిచ్చింది.

ఫ్లాపీలు పోయాయి, ఈ పీడ పోలేదు. నిరుడు మా చెల్లెలి కొడుకు కొత్త లాప్‌టాప్ పట్టుకొచ్చాడు. విండోస్ దాంతోపాటే వచ్చింది. ఇప్పుడు ఉబుంటు కూడా కావాలట.

"రెండెందుకురా?"

"కాలేజీ ప్రాజెక్టుకు ఉబుంటు, వాలరెంట్ ఆడుకోవడానికి విండోస్, మామయ్యా."

ఉబుంటు ఇన్‌స్టాలర్ దాచకుండానే చెప్పింది: ఈ మెషీన్‌లో ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ ఉంది, దాన్ని ఆపితేగానీ నావల్ల కాదని. ఆర్‌ఎస్‌టీ ముఖ్యంగా ఒకటికి మించి డిస్కులున్నప్పుడు వాటిని జతకట్టి నడిపే ఏర్పాటు. మావాడి లాప్‌టాప్‌లో ఉన్నదే ఒక్క ఎస్‌ఎస్‌డీ. జత లేకపోయినా జాగ్రత్త మాత్రం ఉంది. బయాస్‌లోకెళ్లి ఏహెచ్‌సీఐకి మార్చాం. ఉబుంటుకు డిస్కు కనబడింది. మావాడు గంతేసి, ఆ ఊపులో విండోస్ కూడా ఒకసారి తెరిచి చూద్దామన్నాడు. తెర నీలమైపోయింది. 'ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్' అని దాని బాధ. సెట్టింగు వెనక్కి తిప్పితే విండోస్ లేచింది, ఉబుంటుకు డిస్కు మాయమైంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

మావాడు అప్పటికే స్క్రూడ్రైవర్ వెతుకుతున్నాడు. మా బావ పేపర్ మడిచి, "పోన్లెండి బావగారూ, కొత్త డిస్కు కొనేద్దాం" అన్నాడు. ఇలాంటి ఘట్టంలోనే నిక్షేపంలాంటి డిస్కులు చెత్తబుట్టల పాలవుతాయి.

విండోస్ తనను ఇన్‌స్టాల్ చేసిన రోజు ఏ డ్రైవర్‌తో డిస్కును చూసిందో, లేచేటప్పుడల్లా దాన్నే నమ్ముకుంటుంది. మనం రాత్రికి రాత్రి దారి మార్చేస్తే బిత్తరపోతుంది. దీనికి మందుంది. పాత సెట్టింగు మీదే విండోస్‌లోకి వెళ్లి, ఎంఎస్‌కాన్ఫిగ్‌లో సేఫ్ బూట్‌కు టిక్ పెట్టి, రీస్టార్ట్ అవుతుండగా బయాస్‌లో దూరి ఏహెచ్‌సీఐకి మార్చాలి. సేఫ్ మోడ్‌లో లేచిన విండోస్ కొత్త డ్రైవర్‌ను తనే తెచ్చుకుంటుంది. తర్వాత టిక్ తీసేస్తే సరి. ముందుగా డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్‌ను మాత్రం కాసేపు ఆపాలి. అది కాపలా ఉండగా బయాస్‌ను కదిలిస్తే 48 అంకెల కీ అడగొచ్చు. మా బావకు సొంత ఫోన్ నంబరే నోటికి రాదు.

ఇందులో విండోస్ కూడా తక్కువ తినలేదు. వీఎండీ అనే డిస్కు సెట్టింగు ఆన్‌లో ఉన్న 11వ తరం ఇంటెల్ మెషీన్ల మీద కొత్తగా విండోస్ వేయబోతే, దాని ఇన్‌స్టాలర్‌కూ చాలాసార్లు డిస్కు కనబడదు. ఖాళీ పెట్టె చూపించి 'లోడ్ డ్రైవర్' అని చెయ్యి చాస్తుంది. ఆ డ్రైవర్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇస్తే, అప్పటిదాకా లేని డిస్కు సైజుతో సహా ప్రత్యక్షమవుతుంది.

మొత్తానికి మా మేనల్లుడి లాప్‌టాప్‌లో రెండూ కాపురం పెట్టాయి. పేచీ ఒక్కటి మిగిలింది. మదర్‌బోర్డు గడియారంలో ఉబుంటు గ్రీనిచ్ టైము పెడుతుంది. విండోస్ దాన్నే మన టైము అనుకుంటుంది. తేడా అయిదున్నర గంటలు. పొద్దున పదింటికి లేచిన మావాడు తెరమీద నాలుగున్నర చూసి, బ్రాహ్మీ ముహూర్తంలో లేచానని మురిసిపోయి మళ్లీ ముసుగుతన్నాడు. ఉబుంటుకు లోకల్ టైము వాడమని ఆదేశమిచ్చాకగానీ వాడు కాలేజీకి వేళకు వెళ్లలేదు.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, డిస్కు లేదని ఇన్‌స్టాలర్ అంటే నమ్మకండి. బయాస్‌లో చూడండి. అక్కడ దాని పేరూ సైజూ ఉంటే, తెచ్చుకోవాల్సింది డ్రైవర్, మార్చాల్సింది సెట్టింగు. కొత్త డిస్కు కాదు. బయాస్‌లో కూడా లేకపోతే అప్పుడు స్క్రూడ్రైవర్ తీయండి. దేన్ని ముట్టుకోబోయినా ముందు ఫొటోలూ ఫైళ్లూ బయటి డ్రైవ్‌లోకి ఎత్తిపెట్టండి. కనబడని డిస్కుతో పోయేది ఒక పూటే. కనబడ్డాక తొందరపడి తప్పు పార్టిషన్ మీద ఫార్మాట్ నొక్కితే పెళ్లి వీడియోలు పోతాయి.