ఎనభై పైసల ఉక్కుమనిషి

హైస్కూల్లో తెలుగు మాస్టారు "నేను, మేము ఉత్తమ పురుష" అని చెప్పినప్పుడు, తన గురించి తాను చెప్పుకునేవాడు ఉత్తముడెలా అవుతాడో నాకు బోధపడలేదు. రిలే కెప్టెన్‌తో గోవా వెళ్లొచ్చాక బోధపడింది.

రిలే కెప్టెన్ అనే జాతి మన హైదరాబాదులో కొండాపూర్, గచ్చిబౌలి వైపు అపార్టుమెంట్లలో దొరుకుతుంది. వయసు నలభై దాటి ఉంటుంది. పెద్దమ్మాయి పదో తరగతికి వచ్చి ఉంటుంది, ఇంటి లోను సగం తీరి ఉంటుంది. ఏడాదికోసారి ఆఫీసు వాళ్లు చేయించే రక్తపరీక్షలో ఏదో ఒక అంకె పక్కన చిన్న నక్షత్రం గుర్తు పడుతుంది. ఆ నక్షత్రం చూసి మామూలు మనిషి అన్నం తగ్గిస్తాడు. వీడు సైకిలు కొంటాడు.

మావాడు కొన్న సైకిలు ధర ఇంట్లో ఒకటి చెప్పాడు, మాకొకటి చెప్పాడు. రెంటికీ మధ్య తేడా ఒక సున్నా. దాన్ని సూట్‌కేసులు తూచే కాటాకి వేలాడదీసి తూచడం నేను కళ్లారా చూశాను. బరువు తగ్గించాలని బెల్లు తీసేశాడు, రిఫ్లెక్టర్లు తీసేశాడు, వాల్వు మూతలు కూడా తీసేశాడు. అంతా కలిపి నూట ఎనభై గ్రాములు తగ్గిందని సంబరపడి, ఆ సంబరంలో రెండు ప్లేట్ల గారెలు తిన్నాడు.

సైకిలొక్కటే ఉంటే సైక్లిస్టు అవుతాడు. వాడికది చాలలేదు, ట్రయథ్లాన్ కావాలి. ఈత, సైకిలు, పరుగు, మూడూ వరసగా, మధ్యలో గడియారం ఆగకుండా. వాడికి ఈత రాదు. పరుగెడితే కుడి మోకాలు ఒప్పుకోదు. అంచేత వాడు ట్రయథ్లాన్ చెయ్యాలంటే ఇంకో రెండు శరీరాలు కావాలి.

ఒక శరీరం కృష్ణా లంకల్లో పుట్టింది. చిన్నప్పుడు బడికి పడవ తప్పిపోతే పుస్తకాల సంచీ నెత్తిన పెట్టుకుని ఈదుకుంటూ వెళ్లేవాణ్ణంటాడు. ఇప్పుడు బ్యాంకు ఉద్యోగం. అతడు ఈతగాడు. రెండో శరీరం నాది. ఒక ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ వాళ్ల సగం దూరం పందెంలో ఆ ఫ్లైఓవర్లన్నీ ఎక్కి దిగి, బతికి బయటపడ్డాను. నా అర్హత అంతే.

మమ్మల్ని బుట్టలో వేసుకున్న తీరు చెప్పాలి. ఒక ఆదివారం టిఫిన్‌కి పిలిచాడు. పెసరట్టు వచ్చేదాకా ఏమీ మాట్లాడలేదు. వచ్చాక, "మనం గోవా వెళ్తున్నాం" అన్నాడు.

ఇంజనీరింగు రెండో సంవత్సరం నుంచి వాయిదా పడుతూ వస్తున్న గోవా అది. నోట్లో ముద్ద ఉండగానే ఇద్దరం సరే అనేశాం. అప్పుడు ఫోను తీసి చూపించాడు. ఐరన్‌మ్యాన్ 70.3. 2019లో మిరామార్ బీచి దగ్గర మొదలైన పోటీ. సముద్రంలో 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిలు, 21.1 కిలోమీటర్ల పరుగు. మొత్తం 113 కిలోమీటర్లు. మైళ్లలో 70.3, అదే పేరు. రిలేలో ఈ మూడూ ముగ్గురు పంచుకోవచ్చు.

"పందెమని ముందే చెప్పొచ్చుగా?" అన్నాడు ఈతగాడు.

"చెబితే వస్తారా మావా?"

ఇక్కడ కాస్త వ్యాకరణం తప్పదు. ఇంగ్లీషువాడికి "వి" అని ఒక్క ముక్కే ఉంది. మనకి "మనం" వేరు, "మేం" వేరు. ఎదుటివాణ్ణి కలుపుకుంటే మనం, వదిలేస్తే మేం. రిలే కెప్టెన్ ఈ సదుపాయాన్ని వాడుకున్నట్టు ఏ పండితుడూ వాడుకుని ఉండడు. రిజిస్ట్రేషన్ ఫీజు కట్టేటప్పుడు "మనం". ప్రాక్టీసు సరిపోలేదన్నప్పుడు "మీరు". ఆఫీసులో చెప్పుకునేటప్పుడు "నేను". మేం పక్కనే నిలబడి వింటుంటే, అదీ తప్పనిసరై, "మేం".

ప్రాక్టీసు విషయానికొస్తే, మావాడు ఔటర్ రింగురోడ్డు పక్కన సోలార్ పలకల కప్పు వేసిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మీద తిరిగేవాడు. పైన నీడ, కింద నున్నటి దారి, ఎదురొచ్చే బస్సులేదు. తొంభై కిలోమీటర్లు మూడు గంటల్లో లాగించేస్తానని అక్కడే నిర్ణయమైపోయింది. గోవా రోడ్లకి సోలార్ కప్పు ఉండదన్న సంగతి మా ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు.

ఇది గాక సాయంత్రాలు అపార్టుమెంటు సెల్లార్లో ఇంకో సాధన. ఈ పోటీల్లో ఆరితేరినవాళ్లు బూట్లు పెడళ్లకే తగిలించి ఉంచి, చెప్పుల్లేకుండా పరుగెత్తుకుంటూ వచ్చి సైకిలు మీదకి దూకుతారు. దిగేటప్పుడూ అంతే, బూట్లు పెడళ్లకే వదిలేసి ఉత్త కాళ్లతో దిగి పరుగెడతారు. దీనివల్ల పది సెకన్లు కలిసొస్తాయట. మావాడు ఆ పది సెకన్ల కోసం రెండు నెలలు దూకాడు. రెండో నెలలో ఒకరోజు మూడో ఫ్లాటువాళ్ల కారు బంపరు మీదకి దూకాడు. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి లేపి, దుమ్ము దులిపి, ఎంతో మర్యాదగా, "సార్, ఆపి ఎక్కితే ఎవరన్నా ఏమంటారా సార్?" అని అడిగాడు. ఆ ప్రశ్నకి మావాడి దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

గోవాకి కారులో వెళ్లాం, సైకిలు నెత్తిన పెట్టుకుని. దారిలో వాటాల గొడవ వచ్చింది. మావాడు ఫోన్లో లెక్కకట్టాడు. 113 కిలోమీటర్లలో తొంభై వాడివి. అంటే రూపాయిలో ఎనభై పైసలు. నావి పంతొమ్మిదికి లోపు. ఈతగాడివి రెండు పైసలు, అవీ నిండా లేవు.

"రెండు పైసలే కదా, నువ్వు దిగు సముద్రంలోకి" అన్నాడు ఈతగాడు. ఆ తర్వాత నలభై కిలోమీటర్లు కారులో ఎవరూ మాట్లాడలేదు.

అసలీ ఐరన్‌మ్యాన్ పుట్టిందే ఇలాంటి వాటాల గొడవలోంచి. 1977లో హవాయిలో ఒక రిలే పరుగు పందెం బహుమతుల సభలో ఈతగాళ్లు గొప్పా, పరుగెత్తేవాళ్లు గొప్పా అని వాదన వచ్చింది. సైకిలు తొక్కేవాళ్ల మాట ఎత్తింది జాన్ కాలిన్స్ అనే అమెరికన్ నౌకాదళం ఆఫీసరు. మూడూ కలిపి ఒక్కరే చేసి చూపించండి అని ఆయనే తగువు తీర్చాడు. 1978 ఫిబ్రవరి 18న పదిహేనుమంది బయల్దేరితే పన్నెండుమంది చేరారు. గోర్డన్ హాలర్ 11 గంటల 46 నిమిషాల 58 సెకన్లలో గెలిచాడు. ముందు పరుగెడుతున్న జాన్ డన్‌బార్‌కి దారిలో మంచినీళ్లు అయిపోతే, వెంట ఉన్న స్నేహితులు బీరు పట్టారు. ఆయన రెండోవాడుగా వచ్చాడు. ఈ కథ కారులో నేనే చెప్పాను. చెప్పి తప్పు చేశాను. మావాడికి అందులో బీరు తప్ప మరేదీ గుర్తులేదు. అసలు సంగతేమిటంటే, ఆ తగువు తీరింది ఒక్కడే మూడూ చెయ్యడం వల్ల. రిలే పెట్టి ఆ తగువుని మళ్లీ ముగ్గురి చేతికిచ్చారు.

పందెం రోజు తెల్లవారుజామున బీచిలో మావాడు ఈతగాడికి ఈత నేర్పడం మొదలుపెట్టాడు. మోచెయ్యి ఎలా లేవాలి, అల వస్తే ఊపిరి ఎటు పీల్చాలి, అన్నీ. తడి ఇసక అంటకుండా బూట్లు చేత్తో పట్టుకుని నిలబడి చెబుతున్నాడు. ఈతగాడు అంతా విని, "సరే సార్" అని నీళ్లలోకి వెళ్లిపోయాడు. నలభై రెండు నిమిషాల్లో బయటికొచ్చాడు. కాలికి కట్టిన టైమింగ్ చిప్ పట్టీ విప్పి మావాడి కాలికి కట్టాడు. రిలేలో చేతులు మారే కర్ర ఉండదు, ఈ పట్టీయే. ఎవరి కాలికి ఉంటే వాడిదే కాలం.

ఇక మావాడి అలంకారం. ఒంటికి అతుక్కుపోయిన నల్ల సూటు. నెత్తిన వెనక్కి మొన తేలిన హెల్మెట్, గాలిని కోస్తుందట. వాడు వెళ్తుంటే గాలి పెద్దగా నొచ్చుకున్నట్టు మాత్రం కనబడలేదు.

నేను సైకిళ్ల స్టాండు దగ్గర కాచుకుని నిలబడ్డాను. అక్కడ నాలాంటివాళ్లు చాలామంది, అందరం మా మా కెప్టెన్ల కోసం ఎదురుచూసే పరుగువాళ్లం. పురుటిగది బయట తండ్రుల్లా అటూ ఇటూ తిరుగుతున్నాం. పక్కన పూణె ఆయన, అవతల కోయంబత్తూరు ఆవిడ. మా కెప్టెన్ మూడు గంటలన్నాడని నేను చెప్పాను. ఆయన పెద్దగా నవ్వాడు. "మావాడూ మూడే అన్నాడు." కోయంబత్తూరావిడ ఏమీ అనకుండా మూడు వేళ్లు చూపించింది. భాషలు వేరేగానీ, కెప్టెన్ ఒకడే.

మూడు గంటలు దాటాయి. మూడున్నర దాటింది. పూణె కెప్టెన్ వచ్చాడు, ఆయన వెళ్లిపోయాడు. కోయంబత్తూరావిడ వెళ్లేముందు తన దగ్గరున్న ఖర్జూరం ఒకటి నా చేతిలో పెట్టింది. పరామర్శకి వచ్చి వెళ్తున్నవాళ్ల మొహం అది. నాలుగు గంటల ఏడు నిమిషాలకి మావాడు కనిపించాడు. బూట్లు పెడళ్లకే వదిలేసి, రెండు నెలల సాధన వృథా పోనివ్వకుండా, సెకన్లు మిగిల్చే పద్ధతిలోనే దిగాడు. దిగి, నింపాదిగా నడిచొచ్చాడు.

"ఎదురుగాలి" అన్నాడు.

"వచ్చేటప్పుడు?"

"వచ్చేటప్పుడూ ఎదురుగాలే."

సైకిలు స్టాండుకి తగిలించాడు. ఇక చిప్ ఇవ్వాలి. ఇవ్వడు! చేతి గడియారం మీద ఏదో నొక్కుతున్నాడు. రైడ్ సేవ్ అవుతోందట. అది సేవ్ కాకపోతే తొక్కనట్టేనట. నా లోపల గడియారం పరుగెడుతోంది, అసలు గడియారం కూడా పరుగెడుతోంది. ఇక లాభం లేదని నేనే మోకాళ్ల మీద కూర్చుని, వాడి కాలు పట్టుకుని, పట్టీ విప్పడం మొదలుపెట్టాను. చెమటకి నాని అది రాదు. రెండు చేతులా వాడి పాదం పట్టుకున్నాను, తల వంచాను. వాడు పైన గడియారం చూసుకుంటూ, కుడిచెయ్యి కొద్దిగా ముందుకు చాపి నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే ఫోటో తీసేవాడు వచ్చాడు.

నా పరుగు గురించి చెప్పడానికేం లేదు. మిట్టమధ్యాహ్నం, గోవా ఉక్కపోత, రెండు గంటల నలభై ఆరు నిమిషాలు. పదిహేడో కిలోమీటరు దగ్గర నడక మొదలుపెట్టాను. తాడు అవతల నుంచి ఒక అరుపు వినబడింది. చూస్తే మావాడు. ఇంకా అదే నల్ల సూటు, ఇంకా చెప్పుల్లేవు. బూట్లు స్టాండులో సైకిలుకే ఉండిపోయాయట. కాలుతున్న రోడ్డు మీద ఒక కాలు మార్చి ఒక కాలు వేస్తూ, "రేయ్, నడవకురా! నా యావరేజ్ పోద్ది!" అని గొంతు చించుకుంటున్నాడు. చేతిలో నాకోసం కొన్న మజ్జిగ ప్యాకెట్టు. బయటివాళ్లు ఏమీ అందించకూడదని రూలు. అది పట్టుకుని ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో, వేడెక్కిపోయి ఉంటుంది. నేను మళ్లీ పరుగెత్తాను. ఎనిమిదిన్నర గంటల గడువుకి చాలా ముందే అయిపోయింది. దండలా మెడలో మెడల్ పడింది.

తిరిగొచ్చాక వాడి కారు వెనకద్దం మీద 70.3 స్టిక్కరు వెలిసింది. దాని మీద రిలే అన్న ముక్క లేదు. ఆఫీసులో ఇచ్చిన ఉపన్యాసం పేరు "నా ఐరన్‌మ్యాన్ ప్రయాణం" అట. ఈత భాగం చాలా ఉద్వేగంగా చెప్పాడని విన్నవాళ్లు చెప్పారు.

ఆ ఫోటో మాత్రం ముగ్గురికీ పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి ఇచ్చాడు. మా ఆవిడ హాల్లో గోడకి తగిలించింది. కార్తీకమాసంలో మా అత్తగారు తెనాలి నుంచి వచ్చారు. కళ్లజోడు సవరించుకుని ఫోటో ముందు చాలాసేపు నిలబడ్డారు. నల్లబట్టలు. చెప్పుల్లేని కాళ్లు. ఆశీర్వదిస్తున్నట్టు చాపిన చెయ్యి. ఆ కాళ్ల మీద తల వంచి నేను.

"ఈయన మీ గురుస్వామా బాబూ?" అన్నారు. "నెత్తిన ఇరుముడి కూడా ఉంది."

నేను నోరు తెరిచేలోగా లోపలికి వెళ్లి, పూజలో మిగిలిన బంతిపువ్వొకటి తెచ్చి ఫ్రేము అంచున పెట్టారు.

ఆ ఆదివారం కెప్టెన్ మా ఇంటికి వచ్చాడు. కాఫీ తాగుతూ ఫోటో చూశాడు, పువ్వూ చూశాడు. పువ్వెందుకుందని అడగలేదు.