క్రోషే పద్యానికి టీకా తాత్పర్యం

మూలం

కొక్కె మొకటి పట్టి చక్కగా దారమ్ము
వ్రేలఁ జుట్టినంత విద్య యగునె?
కుట్టు కుట్టునకును గట్టిగా లెక్కింప
వంక దీరు, నంచు వరుస నిలుచు.

అవతారిక: కొత్తగా క్రోషే నేర్చుకునేవారి ప్రశ్నలు పైకి చాలానే. అంచు లోపలికి ఎందుకు పోతోంది? గుండ్రంగా అల్లబోతే గిన్నెలా ఎందుకు ముడుచుకుంటోంది? తిప్పిన వరుసలో తొలి కుట్టు ఎక్కడ వెయ్యాలి? పుస్తకంలోని కొలత ఎందుకు రావడం లేదు? ఒక్కోదానికీ ఒక్కో చిట్కా చెప్పడం లోకాచారం. పద్యకర్త మాత్రం అన్నిటికీ ఒకే మందు రాశాడు: లెక్క. ఆ మతాన్ని స్థాపించడమే ఈ వ్యాఖ్య ప్రయోజనం.

ప్రతిపదార్థం: కొక్కెము ఒకటి = కొన వంగిన సూది ఒక్కటే (స్వెట్టరు సూదుల జత కొనేవారికి ఇది హెచ్చరిక); దారమ్ము = నూలు గానీ ఊలు గానీ; వ్రేలన్ = ఎడమచేతి చూపుడు వేలికి (ఎడమచేతివాటం వారు కుడి అని చదువుకోవాలి); చుట్టినంత = చుట్టినంత మాత్రాన; విద్య అగునె = విద్య అవుతుందా? కాదు; కుట్టు కుట్టునకును = వరుస చివరిదాన్ని కూడా వదలకుండా; గట్టిగా = నిష్ఠగా (బిగించి అనే అర్థం ఇక్కడ పొసగదు, బిగిస్తే పై వరుసలో సూదే దూరదు); లెక్కింపన్ = ఎంచితే; వంక = వంకర, సాకు కూడా; తీరున్ = పోతుంది; అంచు వరుస నిలుచున్ = అంచు తిన్నగా ఉంటుంది.

విశేషాంశాలు: ముందు అంచు సంగతి. 20 డబుల్ క్రోషే కుట్ల పట్టీకి 22 చైన్లు వేసి, సూది నుంచి నాలుగో చైన్‌లో కుట్టు మొదలుపెడతారు. వదిలేసిన మూడు చైన్లూ కలిసి ఒక కుట్టు. సూది మీదున్న మెలిక ఎన్నడూ లెక్కలోకి రాదు. పని తిప్పాక మళ్లీ మూడు చైన్లు వేసుకుని, వాటి మొదట్లో ఉన్న కుట్టును వదిలి రెండోదానిలో అందుకోవాలి. చివరి కుట్టును కింది వరుస మూడు చైన్ల నెత్తిన వెయ్యాలి. ఆ చైన్లు కుట్టులా కనపడవు కనక కొత్తవారు దాటేస్తారు. వరుసకు ఒకటి చొప్పున 10 వరుసలకు 10 కుట్లు మాయమై, నలుచదరం కావలసిన రుమాలు సమోసా ఆకారానికి వస్తుంది. వదలాల్సిన తొలి కుట్టులోనూ వేస్తే ఫలితం తారుమారు, గుడ్డ విసనకర్రలా వెడల్పవుతుంది. ఇక్కడ పాఠాంతరం ఒకటుంది: అమెరికా పుస్తకాల సింగిల్ క్రోషేను బ్రిటిష్ పుస్తకాలు డబుల్ క్రోషే అంటాయి, అమెరికా డబుల్ బ్రిటిష్ పుస్తకాల్లో ట్రెబుల్ (ఈ వ్యాఖ్యలోని పేర్లు అమెరికా పద్ధతివి). ఏ దేశపు ప్రతి చదువుతున్నామో తేల్చుకోకుండా ఎంచితే ఎంచిన శ్రమంతా వృథా.

గుండ్రని పనిలో ఈ లెక్క రేఖాగణితమే. సింగిల్ క్రోషే కుట్టుకు ఎత్తూ వెడల్పూ దాదాపు సమానం. వృత్తం వ్యాసార్ధం ఒక కుట్టు ఎత్తు పెరిగితే చుట్టుకొలత దానికి సుమారు 6.28 రెట్లు పెరుగుతుంది. కనకనే ఆరు కుట్లతో మొదలై చుట్టుకు ఆరేసి చొప్పున 6, 12, 18, 24 అని పెంచమంటారు. డబుల్ క్రోషే ఎత్తు ఇంచుమించు రెట్టింపు, అందుచేత అక్కడ 12. తక్కువ పెంచితే అంచుకు చుట్టు చాలక గిన్నె, ఎక్కువైతే చుట్టు మిగిలి కుచ్చిళ్లు. 1997లో కార్నెల్ విశ్వవిద్యాలయ గణితవేత్త డైనా టైమిన్యా ఈ కుచ్చిళ్లనే ఆధారం చేసుకున్నారు. ఇన్ని కుట్లకు ఒకటని నియమం పెట్టుకుని పెంచుతూ పోయి, మామూలు వృత్తం కన్నా చుట్టు ఎక్కువగా పెరుగుతూ పోయే హైపర్బొలిక్ తలాన్ని చేత్తో పట్టుకుని చూసేలా అల్లారు. లెక్క లేకుండా వస్తే దోషమైనది, లెక్కతో వేస్తే శాస్త్రమైంది.

పూర్వపక్షం: ఇదంతా చేతి బిగువు మహిమ గానీ లెక్కది కాదని కొందరు. ఒకే దారం, ఒకే సూది ఇచ్చినా ఇద్దరి గుడ్డలు ఒక్క కొలతకు రావన్నది నిజమే. అయితే ఆ బిగువును పట్టి ఇచ్చేది ఏది? చిన్న ముక్క అల్లి, 10 సెంటీమీటర్లలో ఎన్ని కుట్లు పడ్డాయో చూస్తాం. ఎక్కువ పడితే సూదిని ఒక సైజు పెంచుతాం, తక్కువైతే తగ్గిస్తాం. బిగువు లెక్కకు విరోధి కాదు, లెక్క వల్లనే తెలియవచ్చే పదార్థం.

నరసాపురం లేసు పనివారు కబుర్లాడుతూనే అల్లేస్తారు, వారెక్కడ ఎంచుతున్నారని మరొక ఆక్షేపణ. ఆ ప్రాంతంలో 19వ శతాబ్దిలో మిషనరీల ద్వారా వచ్చిన ఈ పనికి 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అక్కడ పువ్వులు అల్లేవారు కొందరు, వాటిని కలిపే అతుకుపని చేసేవారు మరికొందరు. వేర్వేరు ఇళ్లలో పుట్టిన పువ్వులు ఒక బల్లగుడ్డలో ఇమిడాయంటే రేకుకు రేకు లెక్క కుదిరినట్టే. వారు ఎంచడం మానలేదు, నోటి నుంచి వేళ్లకు దించారు. ఆ మెట్టుకు రానివారు పైకి ఎంచాలి, లేదా వరుస మొదట రంగుదారం ముక్క గుర్తు పెట్టుకోవాలి.

సరదాకు చేసే పనికి ఇంత లెక్కా అని కడపటి ఆక్షేపణ. దీనికి సమాధానం సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో నరసాపురం లేసు పనివారిపై వెలువరించిన అధ్యయనంలో ఉంది. ఎగుమతికి వెళ్లే సరుకు తయారుచేస్తున్న స్త్రీలను గృహిణులని, వారి పనిని తీరిక వేళ వ్యాపకమని అనడం వల్లనే కూలి అడుగంటిందని ఆమె వాదం. సరదా అన్న మాట అక్కడ గంటల లెక్కను మింగేసింది. లెక్క అక్కర్లేదనే సౌఖ్యం ఒకరిది, ఆ ఖర్చు మరొకరిది.

ఫలశ్రుతి: ఈ టీకను సూది చేతబట్టి చదివినవారికి తిన్నని అంచు, చదునైన వృత్తం సిద్ధిస్తాయి. తాము ఒక వరుసకు పట్టిన నిమిషాలు కూడా రాసుకున్నవారికి అదనపు ఫలం ఒకటుంది: చేతి లేసు కొనేటప్పుడు బేరమాడటానికి నోరు రాదు.